సముద్రం లేని చోట రొయ్య: నల్లగొండ, పాలమూరు చెరువులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మత్స్య సహకార సంఘాల వాళ్లు రొయ్యల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. చెరువులో పిల్లలు వదిలాం, కొన్ని పెరిగాయి, పొట్ట కింద గుడ్లు మోస్తున్న ఆడ రొయ్యలు కూడా వలకు పడ్డాయి. అయినా మరుసటి ఏడాదికి ఒక్క రొయ్య పిల్ల కూడా కనిపించదెందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా పని ఎలా చేయాలో దాని వెంటే తెలుస్తుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మన చెరువుల్లో, రిజర్వాయర్లలో వదిలేది నీలకంఠ రొయ్య. ఇది పెరిగేది మంచినీళ్లలోనే గాని, పుట్టేది ఉప్పు కలిసిన నీళ్లలో. ఆడ రొయ్య దాదాపు ఇరవై రోజులు గుడ్లను పొట్ట కింద మోస్తూ నది వెంట కిందికి దిగి, నది సముద్రంలో కలిసే చోటుకు చేరుతుంది. గుడ్ల నుంచి వచ్చిన లార్వాకు సముద్రపు నీటిలో మూడో వంతు ఉప్పదనం కావాలి. సుమారు నెల రోజుల్లో 11 దశలు దాటి రొయ్య రూపానికి వచ్చాక, ఆ పిల్లలు ఒడ్డు వెంట ఎదురీదుకుంటూ మళ్లీ మంచినీళ్లలోకి ఎక్కుతాయి. లార్వాకు ఉప్పునీరు కావాలన్న సంగతి 1960ల మొదట్లో మలేసియాలో ఎస్. డబ్ల్యు. లింగ్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నాకే హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను తయారుచేసే కేంద్రాలు, సాధ్యమయ్యాయి.

ఇప్పుడు కృష్ణను గుర్తు చేసుకోండి. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పైన పులిచింతల, నాగార్జునసాగర్, శ్రీశైలం, జూరాల. కిందికి దిగే దారీ లేదు, పైకి ఎక్కే దారీ లేదు. నల్లగొండ చెరువులో గుడ్లు పొదిగిన రొయ్య లార్వాలన్నీ మంచినీళ్లలో కొద్ది రోజులకే చనిపోతాయి.

కాబట్టి తీరప్రాంతపు సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. సముద్రం ఒడ్డున గుడ్ల రొయ్యను వదిలేయమంటారు, అది వచ్చే ఏటి పంట కాబట్టి. మన చెరువులో గుడ్ల రొయ్యను వదిలేసినా వచ్చే ఏటికి ఏమీ రాదు. అదే చెరువులో ఆల్చిప్పలు, నత్తలు, వేలెడంత కూడా లేని చిట్టి రొయ్యలు మాత్రం ఇక్కడే పుట్టి ఇక్కడే పెరుగుతాయి. వాటిలో తల్లులను ఊడ్చేస్తే మళ్లీ వచ్చేవి ఉండవు. బయటి నుంచి తెచ్చి పెంచే ప్రాణికి ఒక పద్ధతి, చెరువులోనే పుట్టే ప్రాణికి మరో పద్ధతి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఏటా విత్తనమూ వృథా అవుతోంది, చెరువూ బోసిపోతోంది.

మొదటి అడుగు: మీ చెరువు ఎన్ని నెలల చెరువు?

నీలకంఠ రొయ్య చేతికి రావాలంటే చెరువులోకి వదిలాక కనీసం అయిదారు నెలలు నీళ్లుండాలి. వాన నీటి మీదే ఆధారపడిన గొలుసుకట్టు చెరువుల్లో చాలా వాటికి ఆగస్టు, సెప్టెంబరులలో నీళ్లొచ్చి మార్చికల్లా తూము కిందికి దిగుతాయి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లతో నిండే చెరువులకు, ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాల్వల కింద ఉన్న చెరువులకు ఇంకొంత వ్యవధి దొరుకుతుంది. గత మూడేళ్లలో ఏ నెలలో నీళ్లు వచ్చాయో, ఏ నెలలో మోకాటి లోతుకు దిగాయో ఊళ్లో నీరటివారిని అడిగి రాసుకోండి. ఆరు నెలలు నిలవని చెరువులో రొయ్య వద్దు. అక్కడ బొచ్చె, రోహు చాలు.

తరువాత నీటి గుణం. పిహెచ్ 7 నుంచి 8.5 మధ్య, నీటి వేడి 26 నుంచి 31 డిగ్రీల మధ్య, కరిగిన ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే మంచిది. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. రొయ్య విషయంలో మాత్రం ముందు చూడవలసినవి నీటి కాఠిన్యం, క్షారత. కాఠిన్యం లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటిన నీళ్లలో ఎదుగుదల మందగిస్తుంది, పెంకు మీద సున్నపు పొర పేరుకుంటుంది. కాల్వ నీళ్లు అందే చోట బోరు జోలికి పోకండి. బోరే దిక్కయితే డబ్బు ఖర్చుపెట్టే ముందే నీటి పరీక్ష చేయించండి.

మూసీ సంగతి విడిగా చెప్పాలి. హైదరాబాద్ మురుగునంతా మోసుకుంటూ భువనగిరి, వలిగొండ మీదుగా వచ్చి, సూర్యాపేట దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది ఆ నది. దాని కాల్వలతో నిండే చెరువుల్లో నీటినీ, అడుగు మట్టినీ భార లోహాల కోసం పరీక్షించకుండా తినే రొయ్యను పెంచకూడదు. అక్కడి ఆల్చిప్పలను అసలే తినకూడదు. నీటిని వడగట్టి బతికే ప్రాణి కాబట్టి నీటిలో ఉన్న విషమంతా దాని కండలోనే పోగుపడుతుంది.

చివరగా, చెరువులో ఇప్పటికే ఏమున్నాయో చూడండి. కొర్రమీను, వాలుగ, జల్లలు, మార్పులు ఎక్కువగా ఉన్న చెరువులో చిన్న రొయ్య పిల్లలు వదిలితే వాటికి మేత వేసినట్టే.

రెండో అడుగు: సంఘంలో ముందే తేల్చుకోవలసినవి

ఇది కాగితం పని, కాని దీన్ని దాటేసిన చోట్లే తగాదాలు వచ్చాయి. చెరువు లీజు సంఘం పేరు మీద చెల్లుబాటులో ఉందా, నర్సరీ (చెరువులో వదిలే ముందు పిల్లలను కొన్నాళ్లు పెంచే చిన్న కుంట) ఖర్చు ఎవరు పెట్టాలి, కాపలా వంతులు ఎవరివి, ఎంత కన్ను వల వాడాలి, ఏ నెలకు ముందు వల వేయకూడదు అన్నవి తీర్మానంగా రాసి సంతకాలు పెట్టించండి. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు రెండూ ఉన్న ఊళ్లలో ఇద్దరినీ ఒకే రోజు కూర్చోబెట్టి మాట్లాడుకోవడం మేలు. ఆయకట్టు రైతులను కూడా పిలవండి, వాళ్లతో పని ఎందుకో కింద చెబుతాను. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చెరువుల తవ్వకం, నర్సరీల వంటి పనులకు సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం వరకు రాయితీ ఏర్పాటు చేశారు. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, ప్రస్తుతం ఏ పనికి దరఖాస్తులు తీసుకుంటున్నారో తెలుసుకోండి.

మూడో అడుగు: నర్సరీ. అసలు పని ఇదే

రాష్ట్రంలో 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలైంది. తరువాత పెద్ద చెరువుల్లో, రిజర్వాయర్లలో రొయ్య పిల్లలు కూడా వదులుతూ వచ్చారు. ఉద్దేశం మంచిదే. కాని హేచరీ నుంచి వచ్చే పిల్ల, రైతులు పీఎల్ అనేది, సెంటీమీటరు పొడవుంటుంది. దాన్ని నేరుగా వందల ఎకరాల నీటిలో వదిలితే చేపల నోట్లో పడకుండా మిగిలేది బహు కొద్ది. నా గట్టి నమ్మకం ఏమిటంటే, దక్షిణ తెలంగాణలో రొయ్యకు భవిష్యత్తు ఉంటే అది లారీల్లో వచ్చే లక్షల పిల్లల్లో లేదు, చెరువు కట్ట కింద సంఘం సొంతంగా నడిపే ఇరవై గుంటల నర్సరీలో ఉంది.

లెక్క ఇలా వేసుకోండి. మీది యాభై ఎకరాల చెరువు. మేత వేయకుండా పెంచాలంటే ఎకరానికి వెయ్యి ఎదిగిన పిల్లలు చాలు, అంటే 50 వేలు. నర్సరీలో పదింటికి ఆరు బతుకుతాయనుకుంటే 80 వేల పీఎల్ పైచిలుకు కావాలి. చదరపు మీటరుకు 40 చొప్పున వేస్తే సుమారు 2,000 చదరపు మీటర్లు, అంటే ఇరవై గుంటల కుంట సరిపోతుంది. తూము కింద కాల్వ నీరు అందే చోట, నీళ్లు పూర్తిగా తీసేయగలిగేలా అడుగు కాస్త వాలుగా తవ్వించండి. లోతు మీటరు నుంచి మీటరుంబావు ఉండాలి.

మే నెలలో కుంటను బీటలు వారేదాకా ఎండనివ్వండి. మట్టి పిహెచ్ చూసి ఎకరానికి 80 నుంచి 120 కిలోల లెక్కన సున్నం చల్లండి. నీళ్లు తీయడానికి వీలుకాక చేపలు మిగిలిపోయిన కుంట అయితే ఇప్ప చెక్క, అంటే ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి, వాడండి. మీటరు లోతు ఉన్న ఎకరానికి దాదాపు టన్ను పడుతుంది. అందులోని నురగ పదార్థం చేపలను చంపుతుంది, పీతజాతి ప్రాణుల మీద దాని ప్రభావం చాలా తక్కువ. అయినా రెండు మూడు వారాలు ఆగాకే పిల్లలు వేయాలి. పురుగుమందు పోసి చేపలను చంపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. అలాంటి కుంటలో రొయ్య మాట మరచిపోండి.

నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతికి సన్నని నైలాన్ సంచి కట్టండి. లేకపోతే జల్ల పిల్లలు, చేప గుడ్లు లోపలికి వస్తాయి. నీళ్లు పెట్టిన వారంలోపే పిల్లలు వేసేయాలి. ఆలస్యం చేస్తే తూనీగల పిల్ల పురుగులు పెరిగిపోతాయి. అవి రాత్రికి రాత్రి పీఎల్‌ను ఖాళీ చేయగలవు. కుంట చుట్టూ మోకాలెత్తు వల కంచె కడితే కప్పలు, నీటిపాములు రావు. పైన అడ్డంగా తాళ్లు కడితే కొంగలు దిగవు.

ఇక దాక్కునే చోట్లు. రొయ్య ఎదగాలంటే పాత పెంకు విడవాలి. విడిచాక కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, ఆ సమయంలో పక్క రొయ్యలే దాన్ని తినేస్తాయి. నర్సరీలో పోయేవాటిలో చాలా భాగం ఇలా పోయేవే. ఎండిన తాటి మట్టలు, ఈత మట్టలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. నాలుగైదు మట్టలను కట్టగా కట్టి, రాయి వేలాడదీసి, కుంటలో ఆరేడు అడుగులకొకటి చొప్పున నిలబెట్టండి. ముళ్ల వైపు చెక్కేయండి, లేకపోతే తరువాత వల చిరుగుతుంది. పచ్చి మట్టలు వేయవద్దు, అవి కుళ్లి నీళ్లు చెడిపోతాయి.

మేత మొదటి రోజుల్లో రోజుకు కిలో చాలు. మార్కెట్లో దొరికే సన్న గుళికల రొయ్య మేత కొనవచ్చు. పాలమూరులో వేరుశనగ చెక్కకు కొరత లేదు కాబట్టి, చెక్క, తవుడు, కొద్దిగా చేపపొడి కలిపి ఉడికించి ముద్దలుగా వేయడం కూడా నడుస్తుంది. మూడు వంతుల మేత సాయంత్రమే వేయండి. రొయ్య రాత్రి తిరిగే ప్రాణి. నాలుగు మూలలా మేత పళ్లేలు దించి రెండు గంటల తరువాత ఎత్తి చూడండి. పళ్లెం ఖాళీగా ఉంటే మరునాడు కాస్త పెంచండి, మిగిలితే తగ్గించండి. ఈ పళ్లేన్ని రోజూ చూసే మనిషి ఒక్కరే ఉండాలి, మనిషి మారితే అంచనా తప్పుతుంది.

నాలుగో అడుగు: పిల్లలు కొనడం

జూన్ చివర్లో, ఎండ తగ్గాక తెప్పించండి. మనకు అందుబాటులో ఉన్న హేచరీలు ఎక్కువగా ఆంధ్ర తీరంలోనే ఉన్నాయి, రాత్రి ప్రయాణంలో తెల్లవారేసరికి చేరేలా మాట్లాడుకోండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, అందరూ సీఫా అనేది, వేగంగా ఎదిగే మేలురకం స్కాంపిని, అంటే నీలకంఠ రొయ్యనే, అభివృద్ధి చేసింది. మీరు కొనే హేచరీ తల్లి రొయ్యలు ఎక్కడివో అడగండి. జవాబు చెప్పని చోట కొనకండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, నెల్లూరు ప్రాంతంలో ఒకప్పుడు వేల ఎకరాల్లో సాగిన స్కాంపి కుప్పకూలిపోవడానికి ఉన్న కారణాల్లో తెల్లతోక వ్యాధి ఒకటి. అది వైరస్ వల్ల వచ్చేది, తల్లి నుంచి పిల్లలకు దిగుతుంది, మందు లేదు. తోక కండ పారదర్శకంగా ఉండవలసింది పాలలా తెల్లబడుతుంది, కొద్ది రోజుల్లోనే పిల్లల్లో అధిక భాగం చనిపోతాయి. కొనే ముందు ఆ బ్యాచ్‌కు పీసీఆర్ (వైరస్ ఉందో లేదో ల్యాబ్‌లో తేల్చే) పరీక్ష నివేదిక అడిగి తీసుకోండి.

కంటితో చేసే పరీక్ష కూడా ఉంది. తెల్లని పళ్లెంలో నీళ్లు పోసి వంద పిల్లలను వేయండి. వేలితో నీటిని గుండ్రంగా తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నీటి సుడికి ఎదురు తిరిగి ఈదుతుంది, లేదా పళ్లెం అంచును పట్టుకుని నిలబడుతుంది. బలహీనమైనవి నీటితోపాటు కొట్టుకుపోయి నడుమ కుప్పగా చేరతాయి. ఆ కుప్పలో పదికి మించి ఉంటే ఆ బ్యాచ్ వద్దని చెప్పండి. తోకల్లో తెల్లని మచ్చలు కనిపించినా అంతే. పిల్లలను హేచరీలోనే పూర్తిగా మంచినీళ్లకు అలవాటు చేశారా అన్నది కూడా అడిగి తేల్చుకోండి, ఉప్పదనం మిగిలిన నీళ్లలోంచి నేరుగా మన కుంటలో పడితే తట్టుకోలేవు.

సంచులు రాగానే విప్పి కుమ్మరించవద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు కుంట నీటి మీదే తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తరువాత మూతి విప్పి, చెంబుతో కొంచెం కొంచెంగా కుంట నీళ్లు సంచిలోకి పోయండి. రెండు నీళ్ల పిహెచ్ తేడా 0.5కు మించి ఉంటే ఈ పని మరింత నెమ్మదిగా, గంటసేపు చేయాలి. చివరికి సంచిని వంచితే పిల్లలు తమంతట తామే బయటకు ఈదాలి. ఒక సంచిలోని పిల్లలను లెక్కపెట్టి తీరండి. లెక్క లేని విత్తనానికి లాభనష్టాల లెక్క కూడా ఉండదు.

అయిదో అడుగు: చెరువులోకి

నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు ఒకటి నుంచి మూడు గ్రాములకు వస్తాయి. అంటే ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో, సరిగ్గా చెరువుల్లోకి నీళ్లు చేరే కాలానికి. చెరువు అలుగు పారుతుండగా వదలకండి, పారి ఆగాక వదలండి. అలుగుకు శాశ్వతంగా జాలీ బిగించవద్దు. వరదకు చెత్త పేరుకుని జాలీ మూసుకుపోతే కట్టకే ముప్పు. అలుగుకు కొన్ని గజాల పైన గుంజలు పాతి, తీసేయడానికి వీలుగా వల కట్టండి. పెద్ద వాన సూచన రాగానే దాన్ని తీసేయండి. రొయ్యల కన్నా కట్ట ముఖ్యం.

పిల్లలను ఒకే చోట వదలకుండా, పుట్టి మీద వెళ్లి నాచు, తుంగ ఉన్న లోతు తక్కువ అంచుల వెంట పది చోట్ల వదలండి. లోతు మధ్యలో వదిలితే చేపలకు దొరుకుతాయి.

తోడు చేపల ఎంపికలో ఒక మాట. బొచ్చె పైనీటి చేప, రోహు నడిమి నీటి చేప, వీటితో రొయ్యకు పోటీ లేదు. బంగారుతీగ, మోసు అడుగున తిరిగే చేపలు, రొయ్య తిరిగేదీ అక్కడే. ఈ రెండింటినీ ఆ ఏడాదికి మానేయండి. జిలేబి చేప ఒకసారి చెరువులో పడితే పోదు, కాని వల వేసినప్పుడల్లా పట్టి తగ్గించవచ్చు.

చెరువులో మేత వేయమని నేను చెప్పను. ఊరి పశువులు తాగే నీళ్లవి, పొలాలకు పారే నీళ్లవి. మేత వేసి, వాయుయంత్రాలు పెట్టి పెంచాలనుకునేవారు సొంత కుంటలో ఎకరానికి 10 నుంచి 20 వేల పిల్లలతో చేసుకోవచ్చు, అది వేరే పెట్టుబడి, వేరే కాపలా. కుంటలో అయినా, చెరువులో అయినా ఒక గుర్తు తెలిసి ఉండాలి. రెండు మూడు రోజులు మబ్బు పట్టి గాలి లేనప్పుడు తెల్లవారుజామున టార్చి వేసి ఒడ్డు చూడండి. రొయ్యలు నీటి అంచుకు వచ్చి, మీసాలు బయటపెట్టి, పగటి అలికిడికి పారిపోయేవి కూడా కదలకుండా ఉంటే నీళ్లలో ప్రాణవాయువు అయిపోయిందని అర్థం. కుంట అయితే వెంటనే కొత్త నీళ్లు పెట్టండి, మేత ఆపేయండి.

ఆయకట్టు రైతులను, ఎగువ రైతులను కూర్చోబెట్టమన్నది ఇందుకే. రొయ్య పీతజాతిది. పురుగును చంపే మందు దాన్ని చేప కన్నా ముందే చంపుతుంది, ముఖ్యంగా పత్తి మీద కొట్టే సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చాలా కొద్ది మోతాదులోనే చంపుతాయి. నల్లగొండలో చెరువుల ఎగువన ఉన్నవి చాలా వరకు పత్తి చేలే. మందు కొట్టిన మరునాడు వాన పడితే ఆ నీళ్లన్నీ చెరువులోకే వస్తాయి. చెరువులోకి దిగే వాగు ముఖాన తుంగ, గడ్డి పెరగనివ్వడం, వాన సూచన ఉన్న రోజు మందు కొట్టకుండా ఎగువ రైతులతో మాట అనుకోవడం, మందు డబ్బాలు చెరువులో కడగకుండా చూడటం: ఈ మూడూ డబ్బు లేకుండా అయ్యే పనులు.

ఆరో అడుగు: ముందరికాళ్ల రంగు చూసి పట్టడం

ఈ రొయ్యల్లో అన్నీ సమానంగా ఎదగవు. ఒకే రోజు వదిలిన మగ రొయ్యలు అయిదో నెలకు మూడు రకాలుగా కనిపిస్తాయి. కొన్నింటి ముందరికాళ్లు ఒంటి కన్నా పొడవుగా, ముదురు నీలంగా, ముళ్లతో గరుకుగా ఉంటాయి. పెంకు మీద నాచు పట్టి ఉంటుంది, ఎందుకంటే అవి పెంకు విడవడం దాదాపు మానేశాయి, ఎదుగుదల ఆగింది. ఇవి ఆ చోటికి పెద్దలు, చుట్టుపక్కల మగవాటిని ఎదగనివ్వవు. రెండో రకం కాళ్లు నారింజ రంగులో ఉంటాయి. ఇవే వేగంగా ఎదుగుతున్నవి. మూడో రకం చిన్నవి, సన్నని, లేత రంగు కాళ్లతో దాక్కుని తిరుగుతాయి.

నీలి కాళ్ల వాటిని తీసేస్తే నారింజ కాళ్లవి వాటి స్థానానికి ఎదుగుతాయి, వాటి వెనక చిన్నవి ఎదగడం మొదలుపెడతాయి. అందుకే ఒకేసారి చెరువు ఊడ్చడం కన్నా, జనవరి నుంచి పదిహేను రోజులకోసారి అంగుళంన్నర నుంచి రెండంగుళాల కన్ను వలతో లాగి, నీలి కాళ్లవి, గుడ్లు మోస్తున్న ఆడవి తీసుకుని నారింజ కాళ్లవాటిని మళ్లీ నీళ్లలో వదలండి. గుడ్ల రొయ్యను తీసుకోమంటున్నానని ఆశ్చర్యపోకండి. దాని గుడ్లు ఇక్కడ బతకవు, గుడ్ల మీదికి శక్తి మళ్లాక దాని ఎదుగుదలా నెమ్మదిస్తుంది. చలికాలంలో ఎదుగుదల ఎలాగూ తగ్గుతుంది, ఫిబ్రవరి ఎండకు మళ్లీ పుంజుకుంటుంది. కాబట్టి సంక్రాంతి ధర చూసి అన్నీ పట్టేయకండి. చివరి పట్టుబడి మార్చి, ఏప్రిల్‌లో, నీళ్లు వేడెక్కి లోతు తగ్గేలోపు ముగించాలి.

వేసిన యాభై వేలలో 20 వేలు సగటున 50 గ్రాముల చొప్పున చేతికొస్తే టన్ను రొయ్య. ప్రతి లాగులో ఎన్ని పడ్డాయి, ఎంత తూకం, ఏ రకం ఎన్ని అన్నది పుస్తకంలో రాయండి. రెండేళ్ల పుస్తకం చేతిలో ఉంటే మీ చెరువుకు ఎకరానికి ఎన్ని పిల్లలు సరిపోతాయో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఏడో అడుగు: మంచు

చేపల వ్యాపారం తెలిసినవాళ్లు కూడా రొయ్య దగ్గర ఇక్కడే నష్టపోతారు. నీలకంఠ రొయ్య తల చాలా పెద్దది. అది చచ్చిన మరుక్షణం నుంచి తలలోని జీర్ణరసాలు తోక కండను కరిగించడం మొదలుపెడతాయి. గంట రెండు గంటలు ఎండలో బుట్టలో ఉంచితే పైకి బాగానే కనిపిస్తుంది, వండితే పిండిలా విడిపోతుంది. అలా ఒకసారి జరిగితే కొన్నవారు మళ్లీ రారు. వల ఒడ్డుకు రాకముందే డ్రమ్ములో మంచునీళ్లు సిద్ధంగా ఉండాలి. పట్టినవాటిని శుభ్రమైన నీటిలో కడిగి, బతికుండగానే మంచునీటిలో ముంచండి. తరువాత పెట్టెలో ఒక వరుస మంచు, ఒక వరుస రొయ్య, కిలోకు కిలో మంచు. తాగడానికి పనికివచ్చే నీళ్లతో చేసిన మంచే వాడండి.

అమ్మకానికి హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్ మనకు పెద్ద దూరం కాదు. అయినా ముందు దారిపక్క గిరాకీ చూడండి. జూరాల డ్యామ్ దగ్గర, సాగర్ దారిలో చేపల భోజనానికి ఆగేవాళ్లు ఎందరో మీకు తెలిసిందే. బతికున్న రొయ్యను తొట్టెలో చూపించి అమ్మితే దళారికి ఇచ్చే ధర కన్నా మంచి ధర దొరుకుతుంది.

ఎనిమిదో అడుగు: చెరువులో పుట్టేవాటిని కాపాడటం

ఆల్చిప్ప చెరువు అడుగున సగం కూరుకుని ఉండి, రోజూ లీటర్ల కొద్దీ నీటిని తనలోంచి పంపి, నాచునూ మురికినీ వడగట్టుకుంటుంది. దాని పిల్లల కథ విచిత్రం. అవి కొన్నాళ్లు చేపల మొప్పలకు, రెక్కలకు అంటుకుని బతికి, తరువాత రాలి అడుగుకు చేరతాయి. అంటే చేపలు లేని చెరువులో ఆల్చిప్పలకు కొత్త తరం రాదు. నత్తలు ఎండాకాలం మట్టిలోకి దిగి, మూత బిగించుకుని వానల దాకా అలాగే ఉంటాయి.

ఇప్పుడు పూడికతీత గురించి ఆలోచించండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి మన చెరువుల్లో మట్టి తీయడం పెరిగింది, చెరువుకు అది అవసరమే. కాని ఎండాకాలంలో యంత్రం ఎత్తే ఆ మట్టిలోనే నత్తలు, ఆల్చిప్పలు నిద్రలో ఉంటాయి. తూముకు ఎదురుగా లోతైన చోట ఒకటి రెండు ఎకరాలు ఆ ఏడాదికి తవ్వకుండా వదిలేయమని తీర్మానంలో రాయించండి. తవ్వక తప్పని చోట పైకి కనిపించే ఆల్చిప్పలను గంపలకెత్తి, తడి గోనె కప్పి, నీళ్లున్న మడుగులో వేయించండి. పిల్లలు కూడా చేయగలిగిన పని ఇది.

నత్తలు ఏరి తినే కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. అది పేదవాళ్ల మాంసకృత్తు, దాన్ని ఆపమనడం అన్యాయం. బాగా ఉడికించి తినమని, చిన్నవాటిని వదిలేయమని చెబితే చాలు. ఆపవలసింది రొయ్య మేత కోసం, కోళ్ల మేత కోసం బస్తాల లెక్కన నత్తలు ఎత్తుకుపోవడాన్ని. చిట్టి రొయ్యల విషయంలో దోమతెర వలలు పూర్తిగా నిషేధించండి. వానాకాలంలో గుడ్లు మోస్తున్న చిట్టి రొయ్యతోపాటు ఆ వలలో చేప పిల్లలు, మీరు వదిలిన నీలకంఠ పిల్లలు కూడా ఊడ్చుకుపోతాయి.

ఆల్చిప్పలతో ముత్యాల పెంపకం గురించి ఫోన్లలో చాలా వీడియోలు తిరుగుతున్నాయి. ఆ విద్య నిజమైనదే, సీఫా దశాబ్దాలుగా చేస్తోంది. కాని శస్త్రచికిత్స చేతికి అలవడాలి, ఏడాదికి పైగా ఆగాలి, కొనేవారు ముందే ఉండాలి. చెరువు ఆల్చిప్పలను వందల్లో ఏరుకుపోయి మొదలుపెట్టే ముత్యాల పెంపకాన్ని సంఘం అనుమతించకూడదు.

ఉప్పు వద్దు

తీరంలో పెంచే వెనామీ రొయ్యను లోపలి జిల్లాల్లో పెంచమని, బోరు నీళ్లలో ఉప్పు, ఖనిజాలు కలిపితే చాలని చెప్పేవారు వస్తున్నారు. వెనామీ తక్కువ ఉప్పు నీళ్లలో బతుకుతుందన్నది వాస్తవం. ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? పంట ముగిశాక కాల్వలోకి, పక్క మడిలోకి, భూగర్భంలోకి. సముద్రం ఒడ్డున వరి పొలాలు రొయ్యల చెరువుల ఉప్పుకు ఎలా చౌడుబారాయో అక్కడి రైతులను అడగండి. ఫ్లోరైడ్‌తో రెండు తరాలు బాధపడిన నల్లగొండ భూగర్భ జలాలకు ఉప్పు కూడా కలపడం నేరం. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ముందు ముందు చేయవలసిన పని: మన హేచరీ

ఇరవై గుంటల నర్సరీలు పది ఊళ్లలో నిలదొక్కుకున్నాక, విత్తనం కోసం తీరం దాకా పోవడం తగ్గించే ఆలోచన చేయవచ్చు. హేచరీకి సముద్రం పక్కనే ఉండనక్కర్లేదు. ఒక వంతు సముద్రపు నీటికి రెండు వంతుల మంచినీళ్లు కలిపితే లార్వాకు కావలసిన ఉప్పదనం వస్తుంది. అదే నీటిని వడగట్టి, శుభ్రపరచి మళ్లీ మళ్లీ వాడే పద్ధతిలో ట్యాంకర్లతో తెచ్చిన కొద్ది నీటితోనే నెల రోజుల లార్వా దశ దాటించవచ్చు. ఆ నీళ్లు ఆవరణ దాటి బయటకు పోకుండా ఉండాలన్న షరతు మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, కృష్ణ పక్కనే ఉంది, చదువుకున్న యువత ఉన్నారు. అలాంటి చోట ఒక చిన్న హేచరీ నడిస్తే చెరువుల్లో చిక్కే గుడ్ల రొయ్యల నుంచి వృథాగా పోయే గుడ్లన్నీ విత్తనంగా పనికివస్తాయి. వ్యాధి పరీక్ష చేయించి, గుడ్లు నారింజ రంగు నుంచి బూడిద రంగుకు తిరిగిన తల్లులను పట్టిన రోజే ప్రాణవాయువు నింపిన సంచిలో అక్కడికి చేర్చాలి. బూడిద రంగు వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి బండి ముందే మాట్లాడి ఉంచుకోవాలి.